సైన్సు బీరువా తాళం

మా సైన్సు టీచర్ చనిపోయిందన్న కబురు నాకు ఫోన్లో తెలిసింది. అప్పుడు ల్యాబులో ఉన్నాను. ఊళ్ళ నుంచి వచ్చిన తాగునీళ్ళ సీసాలు పరీక్ష చేయడం నా ఉద్యోగం. బడిలో నా పక్కన కూర్చున్న స్నేహితురాలు ఫోన్ చేసి, "టీచర్ పోయిందే. పొద్దున కొత్తగూడెం దవాఖానాల" అని పెట్టేసింది. నేను చేతిలోని సీసా కింద పెట్టలేదు. పరీక్ష సగంలో ఆపితే పని మళ్ళీ మొదటికొస్తుంది, ఆ ఊరి నీళ్ళ సంగతి తేలదు. పూర్తి చేసి, ఫలితం రాసి, ఆ కాగితం ఎగిరిపోకుండా దాని మీద నా బల్ల మీదుండే నల్లరాయి పెట్టి, అప్పుడు ఏడ్చాను. ఆమె అక్కడ ఉంటే ఈ వరసే సరైనదనేది.

తర్వాతి వారం మేము చదువుకున్న బడిలో సంతాప సభ పెట్టారు. ములకలపల్లి మండలంలో అడవి అంచున ఉంటుంది ఆ బడి. వెళ్ళాను. మైకు పట్టుకున్న ప్రతివాళ్ళూ ఆమెను సౌమ్యురాలన్నారు, మితభాషి అన్నారు. ఒకాయనైతే పెద్దల మాట జవదాటని మనిషి అని కూడా అన్నాడు. నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలి, కాదనను. కానీ పొగిడే నెపంతో ఒక మనిషిని తుడిచేసి, ఆ కుర్చీలో ఎవరో మంచమ్మను కూర్చోబెడితే ఊరుకోవాలా? నేను ఊరుకోదలచుకోలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా టీచర్ సౌమ్యురాలు కాదు. ఆమెకు ముక్కు మీద కోపం. గొంతు మూడు గదుల అవతలికి వినిపించేది. పెద్దల మాట జవదాటడం అటుంచండి, బడంతా చూస్తుండగా బడి తాళమే పగలగొట్టింది. ఆ తాళం పగలకపోతే నా చదువు తొమ్మిదో తరగతితో ఆగిపోయేది.

ఆమె మా బడికి వచ్చింది రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో. కొత్తగూడెంలో బొగ్గుబావి కార్మికుడి కూతురు. ఆదివారం చర్చికి వెళ్ళడం ఎన్నడూ మానలేదు. బడి దగ్గరే ఒక గది కిరాయికి తీసుకుని ఒంటరిగా ఉండేది. ఆమె చీర కొంగుల నిండా యాసిడ్ పడి కాలిన చిల్లులు. చేతిసంచిలో రాగితీగ ముక్కలు, పాత టార్చి బల్బులు, పగిలిన స్పీకర్లోంచి పీకిన అయస్కాంతం ఉండేవి. ఎవరైనా ఆడపిల్ల పిన్నీసు అడిగితే అయస్కాంతమే బయటికి తీసేది. దానికి పిన్నీసులన్నీ గుత్తిలాగా వేలాడుతూ వచ్చేవి.

మా బడిలో ఒక ఇనుప బీరువా ఉండేది. దాని నిండా సైన్సు సామాను. గాజు గొట్టాలు, జాడీలు, త్రాసు, అన్నీ ఉన్నాయని విన్నాం. చూసింది మాత్రం దసరాకే. ఆయుధపూజ రోజు తెరిచి, గాజు జాడీలకు కూడా కుంకుమ బొట్లు పెట్టి, హారతిచ్చి, మళ్ళీ తాళం వేసేవారు. తాళంచెవి హెడ్‌మాస్టర్ సారు మొలతాడుకు ఉండేది. ఆయన చెడ్డవాడు కాదు, వట్టి పిరికివాడు. "పగిలితే బాధ్యత నాదమ్మా. నా జీతంల కోస్తరు" అనేవాడు.

"పగలొద్దంటే బడెందుకు సార్? దుకాణం పెట్టుకుందాం" అనేది టీచర్.

బీరువా తెరుచుకోలేదు కాబట్టి ఆమె దొరికినదానితోనే మొదలుపెట్టింది. అటెండర్ సైకిల్ తలకిందులుగా నిలబెట్టి, మా చేత పెడల్ తిప్పించి, డైనమోతో బల్బు వెలిగించింది. ఆపితే ఆరిపోయేది. చేతులు పడిపోయేదాకా తిప్పాక, కరెంటు ఊరికే రాదని ఎవరూ చెప్పకుండానే మాకు తెలిసింది. మేకలు కాసుకుంటూ బడి ఎగ్గొట్టే పిల్లలు మేకల్ని కంచె బయట వదిలి కిటికీలోంచి చూసేవాళ్ళు. "బయట ఎందుకు, లోపలికొచ్చి తిప్పుండ్రి" అని కేకేసేది. తిప్పాలంటే లోపలికి రావాలి, లోపలికొస్తే హాజరు పడేది. అలా వచ్చినవాళ్ళలో కొందరు పది పాసయ్యేదాకా ఉన్నారు.

పుస్తకం చూసి గడగడా అప్పజెబితే ఆమెకు చిరాకు. "చదివింది చెప్పకు, చేసింది చెప్పు" అనేది. ప్రయోగం తప్పితే మాత్రం ముఖం వెలిగిపోయేది. "తప్పిందా? మంచిగయింది. ఎందుకు తప్పిందో పట్టండి."

మా గూడెం బోరింగు నీళ్ళు ఎర్రటివి. బిందెలో పట్టి పెడితే పైన తుప్పురంగు తెట్టు కట్టేది. వండిన అన్నం కూడా రంగు మారేది. ఒకనాడు ఆమె నీటిని ఆవిరి చేసి, ఆ ఆవిరిని చల్లబరిచి శుభ్రమైన నీళ్ళు తీయడం గురించి పాఠం చెబుతూ బోర్డు మీద గాజు గొట్టాల బొమ్మ వేసింది. "గిట్లాంటిది ఎవరన్న చూసిండ్రా?" అని అడిగింది.

నేను చెయ్యెత్తాను. "మా అవ్వ పెడ్తది టీచర్. సారాకు."

తరగతి గొల్లుమంది. నవ్విన వాళ్ళలో సగం మంది ఇళ్ళలోనూ అదే ఉంది, అయినా నవ్వారు. మేము కోయవాళ్ళం. ఇప్పపువ్వు సారా మాకు పండుగ నాడు వేల్పు ముందు పెట్టవలసిన వస్తువు. బడిలో మాత్రం అది నోటితో అనకూడని మాట.

టీచర్ నవ్వలేదు. "ఇటు రా. మంట ఎక్కడ పెడ్తరు, చల్లగ ఎక్కడుంటది, బొమ్మ గియ్యి" అంది. గీశాను. కింద ఒక కుండ, దాని మీద అడుగు తీసిన ఇంకో కుండ, అన్నిటికీ పైన చన్నీళ్ళ గిన్నె. ఆవిరి గిన్నె అడుగుకు తగిలి చుక్కలవుతుంది. ఆ చుక్కలు లోపలి చిప్పలో పడి వెదురు గొట్టంలోంచి బయటికొస్తాయి. ఆమె నా బొమ్మను చాలాసేపు చూసి, తను వేసిన బొమ్మ తుడిపేసింది. "బోరింగు నీళ్ళు ఇందుల పోస్తే ఏమైతది?" అని అడిగింది. ఎవరికీ తెలియదు. "తెల్వదా? అయితే చేద్దాం."

మొదట సంతలో కొత్త కుండలు కొన్నాం. ఒకదాని మూతికి ఇంకోటి కుదరక ఆవిరంతా సందుల్లోంచి పోయింది. ఎంత మన్ను మెత్తినా ఆగలేదు. చివరికి ఆమె మా ఇంటికే వచ్చి అవ్వను అడిగింది. అవ్వకు తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడదు. ఆమె కోయలో అన్నది నేను తెలుగులో చెప్పాను.

"నీళ్ళు కాసుకోనీకి మా కుండలెందుకని అడుగుతుంది, టీచర్."

"నీ కుండలు ఒకదానికొకటి అలవాటుపడ్డయి అవ్వా. కొత్తయి కొట్లాడుకుంటున్నయి."

అవ్వకు ఆ మాట నచ్చినట్టుంది. ఇస్తానంది. అయితే ఒక షరతు పెట్టింది. వేల్పుల పండుగకు ఆ కుండలు ఇంటికి తిరిగి రావాలి, ఆ కుండల్లో దిగిందే వేల్పుకు పెట్టాలి. "తెచ్చి నీ చేతుల్నే పెడ్త" అని టీచర్ మాటిచ్చింది.

ఎర్రటి నీళ్ళు పోసి మంట పెట్టాం. వెదురు గొట్టం చివర మొదటి చుక్క తెల్లగా వేలాడినప్పుడు మేము పెట్టిన కేకలకు హెడ్‌మాస్టర్ సారు ఏదో పగిలిందనుకుని పరుగెత్తుకొచ్చాడు. అందరం తలా కొంచెం తాగాం. ఉత్త నీళ్ళు. అంత మంచి నీళ్ళు నేను అప్పటిదాకా తాగలేదు.

ఖమ్మంలో జరిగే పిల్లల వైజ్ఞానిక ప్రదర్శనకు దాన్నే తీసుకెళ్ళాం. ఎవరూ అపార్థం చేసుకోకూడదని కుండల మీద తెల్లరంగుతో "సైన్సు సామాను" అని రాయించాడు హెడ్‌మాస్టర్ సారు. "సారా మాట మాత్రం ఎత్తకండ్రి" అని బతిమాలాడు కూడా. టీచర్ మాతో వేరే చెప్పింది. "అడగకపోతే చెప్పకండి. అడిగితే అబద్ధమాడకండి."

అక్కడ అందరివీ థర్మోకోల్ రాకెట్లు, రంగు దీపాలు. మాది మసిబారిన కుండల దొంతర. వరండా కింద రాళ్ళు పెట్టి మంట వేసుకున్నాం. నిర్ణేతగా వచ్చిన పెద్దమనిషి వంగి, గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, చటుక్కున వెనక్కి జరిగాడు. "ఇదేం వాసన?"

ఇక్కడే జరిగింది మా పొరపాటు. నీళ్ళలో ఇప్పసారా వాసన వస్తోంది. అవ్వ ఆ కుండల్లో ఏళ్ళ తరబడి దించిన వాసనంతా కుండ పీల్చుకుని ఉంది, అది ఆవిరితో పాటు నీళ్ళలోకి దిగింది. మాలో ఒక్కరికీ అది తెలియలేదు. పుట్టిన దగ్గర్నుంచి ఇంట్లో ఉన్న వాసనను వాసన అని ఎవరనుకుంటారు? టీచర్ కూడా మా మధ్య తిరిగి తిరిగి మాలాగే అయిపోయింది.

"ఈ కుండలు ఎక్కడివి పాపా?"

"సారా కుండలు సార్. మా అవ్వయి."

ఆయన ముఖం మాడిపోయింది. "ఏమ్మా, పిల్లలతో సారా కాయిస్తున్నారా?" అని టీచర్ మీదికి తిరిగాడు.

ఆమె నా వైపు చూసింది. "సారా అవునో కాదో మీ ఇంట్ల ఎట్ల చూస్తరే?"

"మంటల పోస్తం టీచర్. సారా అయితే భగ్గుమంటది."

"పొయ్యి మరి."

గ్లాసు తీసుకుని మంట మీద కుమ్మరించాను. చుయ్‌మని పొగ లేచింది, మంట ఆరిపోయింది. చుట్టూ మూగిన పిల్లలు ఈలలు వేశారు. ఆయన చొక్కా మీద పడ్డ బూడిద దులుపుకున్నాడు. "ఏదైతేనేం, ఇది ఇక్కడ ఉండడానికి వీల్లేదు. తీసెయ్యండి" అన్నాడు.

"వాసన ఎట్లొచ్చిందో పిల్లలు చెప్తరు, జర వినండి సార్."

"తీసెయ్యమన్నాను."

"నేను తియ్య. మీరే తియ్యండి. కుండ కాలుతుంది, పైలం."

ఎవరూ తీయలేదు. సాయంత్రం దాకా అది అక్కడే ఉంది. ప్రైజు రాలేదు. బస్టాండులో మాకు మిరపకాయ బజ్జీలు కొనిపెట్టి, "ఎందుకే ఏడుస్తున్నరు? ఆయన దగ్గర ప్రశ్న ఉండె, మన దగ్గర జవాబుండె. వినకుంట పోయినోనికే నష్టం" అంది. బస్సు ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా వాసన కుండలోంచి నీళ్ళలోకి ఎలా వచ్చిందో మా చేతే చెప్పించింది.

మాకంటే ముందే కబురు ఊరికి చేరింది. కుండలు బడికి రాగానే హెడ్‌మాస్టర్ సారు వాటిని సైన్సు బీరువాలో పెట్టి తాళం వేశాడు. రెండు రోజులకు ఆబ్కారీ జీపు మా గూడెం వచ్చింది. ఇల్లంతా చూశారు, కుండల్లేవు. బడికి వచ్చి బీరువా తెరవమన్నారు. అందులో గాజు సామానుందని, పగిలితే బాధ్యత తనదని, తెరవడం కుదరదని ఆయన గడగడా వణుకుతూనే చెప్పాడట. జీపు వెళ్ళిపోయింది. ఆ తాళం మాకు చేసిన మేలు అదొక్కటే.

నాయన మాత్రం నన్ను బడి మాన్పించాడు. టీచర్ ఇంటికి వచ్చి అడిగితే కూర్చోమని మంచం కూడా వాల్చలేదు. "మీ బడి మా ఇంటికి జీపును తెచ్చింది. కుండలు పోయినయి. ఇగ పిల్లను గూడ పోగొట్టుకోవాల్నా? ముందు కుండలు రానియ్యి, తర్వాత పిల్ల ముచ్చట" అన్నాడు. ఆమె అవ్వ వైపు చూసింది. అవ్వ తల తిప్పుకుంది. ఆ రోజు టీచర్ ముఖం ఎలా ఉందో నాకింకా గుర్తుంది. ఆమెను ఎవరైనా తిడితే తిరిగి తిట్టేది. మాట తప్పిన మనిషిలా చూసేసరికి చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

పండుగ దగ్గర పడింది. నాయన నన్ను వెంటబెట్టుకుని పొద్దున్నే బడికి వెళ్ళాడు. పిల్లలు ప్రార్థనకు వరుసలు కడుతున్నారు. హెడ్‌మాస్టర్ సారు కుండలు ఇవ్వనన్నాడు. జీపువాళ్ళు మళ్ళీ వస్తారన్నాడు. పండుగ అయ్యాక చూద్దామన్నాడు.

"పండుగ అయినంక ఎందుకు సార్ అవి?" అంది టీచర్. "తాళంచెవి ఇయ్యండి."

"ఇయ్యనమ్మా. నా మీదికొస్తది."

ఆమె మొక్కల పాదుల చుట్టూ పేర్చిన రాళ్ళలోంచి ఒక నల్లరాయి తీసుకుని, కొంగు బొడ్లో దోపి, సైన్సు గదిలోకి నడిచింది. వరుసలన్నీ చెదిరి పిల్లలు కిటికీలకు ఎగబాకారు. తాళం గట్టిది, ఒక దెబ్బకు ఊడలేదు. కొడుతూనే ఉంది. వేలి కణుపుల దగ్గర తోలు లేచి రక్తం వచ్చింది. చివరికి తాళం గొళ్ళెంతో సహా ఊడి కింద పడింది. ఆమె రొప్పుతూ వెనక్కి తిరిగింది.

"పగిలింది సార్. బాధ్యత నాది. రాసుకోండి."

ఒక కుండ నాయన ఎత్తుకున్నాడు, ఒకటి ఆమె ఒళ్ళో పెట్టుకుంది, గిన్నె నా దగ్గర. పట్టపగలు, బస్సులో. కండక్టర్ ముక్కు ఎగబీల్చి "ఏంది మేడం వాసన?" అన్నాడు. ఆమె కుండ మీద అక్షరాలు అతని వైపు తిప్పింది. "సైన్సు. చదువుకున్నవ్ గద, చదువు."

నాకు ఉండబట్టలేదు. "చర్చికి పోతరు గద టీచర్, సారా కుండలు మోస్తరా?" అని అడిగాను.

"తాగుడు నాకు గిట్టదు బిడ్డా. మా ఇల్లు దానితోనే ఖరాబయింది" అంది కిటికీలోంచి చూస్తూ. "అయినా మీ వేల్పుకు మాటిచ్చిన. మాటిచ్చినంక దేవుడు ఎవరిదైతేంది?"

అవ్వ కుండల్ని ఒక్కొక్కటే వేలితో కొట్టి, చెవి ఒగ్గి, బీటలేవీ లేవని నిశ్చయించుకుంది. తర్వాత టీచర్ చేతికి చుట్టిన రక్తపు గుడ్డను చూసింది. కోయలో ఏదో అంది. ఈసారి నేను చెప్పలేదు, నాయనే చెప్పాడు. "కుండలు తిరిగి తెచ్చిన మనిషి, పిల్లను గూడ తిరిగి తెస్తదంట. రేపటి సంది తోలుకపొమ్మంటుంది."

ఆ ఏడు మా వేల్పు ముందు పెట్టిన సారా "సైన్సు సామాను"లోంచి దిగిందే. వేల్పు ఏమీ అనలేదు. నేనైతే కుండలు ఇల్లు చేరిన మర్నాడే బడికి వెళ్ళాను.

తాళం పగలగొట్టినందుకు ఆమెకు మెమో ఇచ్చారు. ఆమె దాన్ని చదివి, పొట్లంలా మడిచి, గరాటులో పెట్టి బురదనీళ్ళు వడగట్టమంది. ఎంతసేపటికీ చుక్క దిగలేదు. "సర్కారు కాగితం. దీంట్లకెల్లి ఏదీ అంత జల్దీ దిగదు" అంది. బీరువాకు కొత్త తాళం వేయనివ్వలేదు. గాజు సామాను కొంత పగిలింది, నిజమే. పెంకులు ఆమే ఊడ్చేది. మొదట్లో ప్రతి చప్పుడుకూ గుండె పట్టుకునే హెడ్‌మాస్టర్ సారు, పోను పోను తనే వచ్చి డైనమో తిప్పి చూసుకునేవాడు. ఆ నల్లరాయిని ఆమె పారేయలేదు. బరువు, వేగం, జడత్వం ఏ పాఠానికైనా అదే వచ్చేది.

తర్వాత ఆమెను వేంసూరు వైపు బదిలీ చేశారు. వెళ్ళేరోజు ఆ రాయి నా చేతిలో పెట్టింది. "ఉంచుకోవే. తాళంచెవి అందరికీ దొరకదు" అంది. నా ల్యాబు బల్ల మీద ఉన్నది అదే. ఒకసారి ఒక ఊరి నీళ్ళు మంచివేనని రాసెయ్యమని నా మీద ఒత్తిడి వచ్చింది. నేను రాయలేదు. అదేమంత గొప్ప ధైర్యం కాదు, బల్ల మీద ఆ రాయి పెట్టుకుని అబద్ధం రాయడం కుదరలేదు, అంతే. ఈ సంగతి చెబితే ఆమె మెచ్చుకుంటుందనుకున్నాను. ల్యాబుకు వచ్చి చుట్టూ చూసి, "అన్నీ మెరుస్తున్నయి, ఒక్కటి పగిలినట్టు లేదు. నిజంగ పని చేస్తున్నవానే?" అంది. తిరిగి వెళ్తూ నా తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు. ఆమె నిలబడి ఉండగా చూడటం అదే చివరిసారి. దవాఖానాలో మంచం మీద ఉన్నప్పుడు కూడా నన్ను అడిగింది ఒకటే, మా బోరింగు నీళ్ళ రంగు మారిందా అని. లేదన్నాను. "మరి ఇక్కడేం చేస్తున్నవ్, పో" అంది.

సంతాప సభకు మళ్ళీ వస్తాను. సభ జరిగింది ఆ సైన్సు గదిలోనే. ఆమె ఫొటో వెనకాల కొత్త బీరువా ఉంది. ఎవరో దాతలు ఇచ్చిన సామానట, చాలా ఖరీదైనదట. దానికి మిలమిలా మెరిసే తాళం. తాళంచెవి ఎవరి దగ్గర ఉందని అడిగాను. ఇన్‌ఛార్జి సెలవులో ఉన్నారని, అయినా పిల్లలు పగలగొడతారని తెరవడం లేదని చెప్పారు. అలా చెప్పినాయనే కాసేపటికి మైకు తీసుకుని, ఆమె బాటలో నడవాలని పిల్లలకు పిలుపునిచ్చాడు.

పూలు వేయడానికి వరుసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. సంచిలోంచి రాయి తీసి, దండల మధ్య ఫొటో ముందు పెట్టాను. అది ఎక్కడిదో, దానితో ఆమె ఏం చేసిందో మైకు లేకుండానే చెప్పాను. నా గొంతు కూడా మూడు గదుల అవతలికి వినిపిస్తుందని ఆ రోజే తెలిసింది. కుర్చీల్లోని పెద్దలు ఫొటో వైపు చూస్తూ ఉండిపోయారు. కింద బారులు తీరి కూర్చున్న పిల్లలు రాయిని చూశారు, తలెత్తి తాళాన్ని చూశారు, మళ్ళీ రాయిని చూశారు. నేను దాన్ని అక్కడే వదిలి వచ్చాను.